తొమ్మిది భాషల బావ

మా బావ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. "ఊపిరి పీల్చండి, బిగబట్టండి, వదలండి." ఈ మూడు ముక్కలూ తొమ్మిది భాషల్లో, యాసతో సహా దించేస్తాడు. మన భాష పక్కన పెడితే, నాలుగో ముక్క ఎందులోనూ రాదు. ఈ గుట్టు అక్కకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

రోగులు మురిసిపోయేవారు. ఒక భాషవాళ్ళు తమ నానుడిని వచ్చీరాని మన భాషలోకి తిప్పి "నీకు చెవి ఉంది" అనేవారట, ఇంకొక భాషవాళ్ళు "భాషలు నిన్ను మోసుకుపోతాయి" అనేవారట. మనవాళ్ళయితే "నోరు భలే తిరుగుతుందయ్యా" అనేవారు. బావ ఇంటికొచ్చి ఆ మెప్పులన్నీ ఒప్పజెబితే, అక్క అన్నం వడ్డిస్తూ, "రెండు నాలుకలుంటేనే జనం నమ్మరు, మీకు తొమ్మిదా?" అనేది.

నేను నవ్వి ఊరుకున్నా బాగుండేది. అదే ఆసుపత్రిలో చీటీలు రాసే కిటికీ నాది. వచ్చినవాళ్ళందరికీ బావ గొప్పలు టముకు వేశాను.

ఒక మధ్యాహ్నం దగ్గుతో ఒకావిడ ఒంటరిగా వచ్చింది. ఆవిడ మాట డాక్టరమ్మకి అర్థం కాలేదు. "మా బావకి వచ్చండి" అన్నాను. ఏ దయ్యం పట్టిందో నాకు. బావ నా వంక చూశాడు. కాదనొచ్చు, పరువు అడ్డొచ్చింది.

"ఛాతీ ఫోటో తియ్యాలి. కడుపుతో ఉందేమో అడుగు" అంది డాక్టరమ్మ.

బావ తనకొచ్చిన మూడు ముక్కల్నే ప్రశ్నలా సాగదీశాడు. సొంత భాష చెవిన పడేసరికి ఆవిడ ముఖం విప్పారింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని గబగబా ఏదో చెప్పింది.

"లేదటండి. దగ్గీ దగ్గీ పొట్ట నొప్పెడుతోందట" అన్నాడు బావ.

ఫోటో తీశాక భర్త వచ్చాడు. మన భాష ఆయనకి కొంత వచ్చు. "మూడో నెలని చెప్పిందట కదండీ?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఛాతీకే కాబట్టి బిడ్డకి భయం లేదంది డాక్టరమ్మ. బావ ముఖం మాత్రం ఆమె చూడలేదు. దగ్గుతో వచ్చినావిడ బల్ల మీద కూర్చుని ఏడుస్తోంది. నేను చీటీలు సర్దుతున్నట్టు నటించాను. అంత సిగ్గుమాలిన పని జన్మలో చెయ్యలేదు.

బావ వాళ్ళ దగ్గరకి వెళ్ళాడు. "క్షమించమని మీ భాషలో ఎలా అనాలండీ?"

"మీకు వచ్చుగా" అన్నాడాయన మామూలుగానే. "మా మాట తెలిసినవాళ్ళు దొరికారని ఇందాక ఎంత సంబరపడిందో."

"రాదండి" అన్నాడు బావ. "నాకు రాదని ఆ కిటికీలో ఉన్న మా బావమరిదికీ తెలుసు."

ఆయన భార్య వైపు తిరిగి ఆ మాటే నెమ్మదిగా చెప్పాడు. ఆవిడ ఏడుపు ఆపి ముందు బావనీ, తర్వాత కిటికీలో నన్నూ చూసింది.