తొమ్మిది మిల్లీమీటర్ల బీటు

నౌపడ జగన్నాధానికి కూర్చోవడం రాదు. అరవై అయిదేళ్లొచ్చాయి. ఈత వచ్చు, వల అల్లడం వచ్చు, రైలు పట్టా కింద కంకర పొడవడం వచ్చు. ఈ ఒక్క విద్య మాత్రం ఆయనకు పట్టుబడలేదు. అన్నం తింటూ రెండుసార్లు లేస్తాడు. టీవీ పెడితే వార్తలు చదివే ఆవిడ నమస్కారం పెట్టేలోగా గుమ్మంలో ఉంటాడు. గుమ్మంలోంచి వీధిలోకి, వీధిలోంచి రైలు గేటు దాకా, అక్కణ్ణించి మళ్లీ ఇంటికి. ఆయన్ని చూసీ చూసీ తన కళ్లు తిరుగుతున్నాయనీ, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని సంతకు పోతే తప్ప తనకు విశ్రాంతి లేదనీ ఆయన భార్య లక్ష్మణమ్మ ఊరందరికీ చెప్పుకుంటుంది.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. సముద్రం మీద బతికే కుటుంబంలోంచి నేల మీద పని వెతుక్కున్న మొదటివాడు జగన్నాధం. ఇరవై రెండో ఏట రైల్వేలో చేరాడు. కొన్నాళ్లకు కీమేన్ అయ్యాడు. కీమేన్ అంటే పొద్దున్నే భుజాన సుత్తి వేసుకుని తన వంతుకొచ్చిన దారి, అదే బీటు, అంతా నడిచి, పట్టాను కింద అడ్డంగా పరిచిన స్లీపరుకు బిగించే ఇనప కీలు వదులైతే కొట్టుకుంటూ పోయేవాడు. ఎడమ పట్టా చూసుకుంటూ వెళ్లాలి, కుడి పట్టా చూసుకుంటూ తిరిగి రావాలి. ఎండకూ వానకూ తేడా లేదు. నౌపడ నుంచి టెక్కలి వైపు పోయే చిన్న రైలు దారిలో ఆయన బీటు. రెండు పట్టాల మధ్య రెండున్నర అడుగుల గేజి, అగ్గిపెట్టెల్లాంటి పెట్టెలు. ఆ దారిని పీకేసి పెద్ద లైను వేసే రోజు వచ్చినప్పుడు, ఏళ్ల తరబడి తను కొట్టి బిగించిన కీలను తన సుత్తితోనే కొట్టి ఊడదీశాడు.  తర్వాత పెద్ద లైను మీద పదిహేనేళ్లు చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం అయితే దిగిపోయింది గానీ, బీటు మాత్రం కాళ్లలోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ కాళ్లే మొరాయించాయి. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. మెట్టు ఎక్కితే పళ్లు బిగబట్టాలి. విజయనగరంలో టీచరుగా ఉన్న కూతురు సుహాసిని తండ్రిని పెద్ద డాక్టరుకు చూపించింది. చిప్పలు మార్చాల్సిందే, ఆలస్యం చేసిన కొద్దీ కష్టం అన్నాడు డాక్టరు. ఆపరేషన్ అయ్యాక రోడ్డు మీద హాయిగా నడవొచ్చు, కాకపోతే నేల మీద గొంతుక్కూర్చోకూడదు, రాళ్ల మీద నడవకూడదు అని కూడా అన్నాడు. అందరూ మొదటి మాట విన్నారు. జగన్నాధం రెండో మాట విన్నాడు. పుట్టి బుద్ధెరిగి ఆయన నడిచిందంతా రాళ్ల మీదే మరి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఉమాశంకర్ మేస్టారు వచ్చాడు. టెక్కలి కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. ఆయనకున్న పిచ్చల్లా బుల్లి రైళ్ల పిచ్చి. సంచీలోంచి దూదిలో చుట్టిన ఇంజను తీసి జగన్నాధం అరచేతిలో పెట్టాడు. బొటనవేలంత ఉంది. పట్టాల్లోంచి కరెంటు తీసుకుని నడుస్తుందట. బజారులో దొరికే రెడీమేడ్ పట్టా చూస్తే తనకు ఒళ్లు మండుతుందనీ, స్లీపర్లన్నీ ఎక్కడో పరాయి దేశపు లెక్కలో ఉన్నాయనీ, తనకు పాత నౌపడ యార్డు కావాలనీ చెప్పాడు. మూడు లైన్లు, బండిని ఒక లైన్లోంచి ఇంకోదానిలోకి మళ్లించే పాయింట్లు రెండు, చుట్టూ తిరిగి రావడానికి ఒక వంపు. ఏ స్లీపరు ఎక్కడుందో తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే మిగిలాడు. కొలిచి చూస్తే రెండున్నర అడుగుల గేజి తొమ్మిది మిల్లీమీటర్లకు కుదించుకుపోయింది. జగన్నాధం ఇంజన్ను వెలుతురుకు పట్టి చక్రాలు చూశాడు. ఆ పూట అన్నం దగ్గర ఒక్కసారి కూడా లేవలేదు.

లక్ష్మణమ్మ ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. వసారా అంతా ఆరడుగుల ప్లైవుడ్డు పరిచి, టంకం పొగ పెట్టి, రాతిపొడి చల్లుకోవాలంటే ఆవిడకూ ఒక షరతు ఉంది. ఇంజను ఎక్కడా ఆగకుండా ఒక్క చుట్టు పూర్తిగా తిరిగిన మర్నాడే ఆపరేషన్‌కి బయల్దేరాలి. శ్రీకూర్మం స్వామి మీద ఒట్టేయించుకుంది. జగన్నాధం అప్పుడు ఒట్టు మాట పట్టించుకోలేదు. ఆయన కళ్లు అప్పటికే ప్లైవుడ్డు మీద గీత గీస్తున్నాయి.

ఐస్‌క్రీం పుల్లలు కోసి స్లీపర్లు చేశాడు. వాటికి టీ డికాషన్‌తో రంగు పట్టించాడు. ప్రతి అయిదో స్లీపరూ రాగి రేకు అంటించిన అట్ట ముక్క. సన్నటి పట్టాను దాని మీదే టంకం వేసి అతికించాలి. రాగి ముక్కకు నడిమధ్య గాటు పెట్టకపోతే ఒక పట్టాలో కరెంటు రెండోదానిలోకి పోయి షార్టవుతుందని మేస్టారు ముందే చెప్పాడు. జగన్నాధం టెక్కలి లేతు షాపులో ఇత్తడితో గేజి కొలిచే గుండ్రటి బిళ్ల ఒకటి చేయించుకున్నాడు. దాన్ని రెండు పట్టాల మధ్య దొర్లించి చూసి, వెంట్రుకవాసి వదులున్నా ఊడదీసి మళ్లీ వేసేవాడు. రాళ్ల క్రషర్ దగ్గర తెచ్చిన రాతిపొడిని టీ వడగట్టే జల్లెడలో జల్లించి, తెల్ల జిగురు నీళ్లు చుక్క చుక్కగా వేసి కంకర పోశాడు. కింద గొంతుక్కూర్చుంటే మోకాళ్లలో సూదులు పెట్టి పొడిచినట్టుంటుంది. అయినా కూర్చునేవాడు. పది నిమిషాలకోసారి లేచి వసారా ఈ చివరి నుంచి ఆ చివరికి కుంటుకుంటూ తిరిగి, మళ్లీ వచ్చి కూర్చునేవాడు.

మూణ్ణెల్లకు పట్టా పూర్తయింది. ఒక ఆదివారం మేస్టారు కరెంటు పెట్టె తీగలు తగిలించాడు. ఇంజను కదల్లేదు. పెట్టె మీద షార్టయితే వెలిగే ఎర్ర లైటు వెలిగింది. మేస్టారు మీటరు పెట్టి వెతికి వెతికి, ఆఖరికి పాయింటు నోటి దగ్గర ముక్కుతో వాసన చూస్తున్నట్టు వంగి, గట్టిగా నవ్వాడు. పాయింటు నోటి దగ్గర గేజి విచ్చుకోకుండా రెండు పట్టాలనూ కలుపుతూ కింద ఇనప బద్దీ వేయడం పెద్ద రైలు దారిలో పద్ధతి. అది లేకుండా పాయింటు వదలడం కీమేన్‌కి ఒళ్లు జలదరించే పని. జగన్నాధం ఎవరూ చెప్పకుండానే ఇత్తడి తీగ ముక్కతో ఆ బద్దీ కూడా వేసేశాడు. రెండు పట్టాల కరెంటూ దాని మీదుగా కలిసిపోయింది. రాగి ముక్కల గాట్లు గుర్తు పెట్టుకున్న మనిషికి ఇది తట్టలేదు.

“బద్దీ లేకపోతే బండి పడిపోద్ది మేస్టారూ,” అన్నాడు జగన్నాధం, పరువు పోయిన ముఖంతో.

ఈ బండి పడదని మేస్టారు నచ్చజెప్పి తీగ కత్తిరించాడు. ఇంజను కదిలింది. స్టేషను దాటింది, పాయింటు దాటింది, వంపు ఎక్కుతోంది. లక్ష్మణమ్మ చేపల గంప పక్కన పెట్టి చూస్తోంది. అప్పుడు జగన్నాధానికి ఒట్టు గుర్తొచ్చింది. ఇంజను వంపులో ఒక అతుకు దగ్గర తూలి పట్టా తప్పింది. ఆయన పైకి నాలిక కరుచుకున్నాడు గానీ, లోపల పెద్ద ఊపిరి వదిలాడు. సొంత పని చెడినందుకు సంతోషించడం ఆయన బతుకులో అదే మొదలు. ఆ సంగతి తలుచుకుని వారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

అతుకు సరిచేయడానికి అరగంట చాలు. ఆయన మూడు వారాలు చేశాడు. వంపు వాటం బాగోలేదని పీకాడు, స్లీపర్లు ఎడం అయ్యాయని మళ్లీ పీకాడు. ఇక వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు. గేటు దాకా వెళ్లినప్పుడల్లా పాత గ్యాంగు నేస్తం రాముడు కనిపించేవాడు. రాముడికి నిరుడే చిప్పలు మార్చారు. బ్రహ్మాండంగా నడుస్తాడు. కానీ ఎక్కడికి నడవాలో తోచక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వచ్చే బండికీ పోయే బండికీ చెయ్యి ఊపుతుంటాడు. జగన్నాధానికి నొప్పి కంటే ఆ కుర్చీ అంటేనే భయం.

గురువారం లక్ష్మణమ్మ సంతకు వెళ్లింది. జగన్నాధం వంపు దగ్గర వేలెడు మేర కంకర గీకి, పట్టాల కింద ఇత్తడి తీగ అడ్డంగా అతికి, మళ్లీ కంకర పోసి జిగురు చుక్కలు వేశాడు. ఈసారి పొరపాటు కాదు.  పని అయ్యాక మాత్రం తన ముఖం తనకే చూపించలేక పెరట్లోకి పోయి చాలాసేపు తిరిగాడు. బీటులో వదులు దాచినవాడు కీమేనే కాదని కొత్తవాళ్లకు పాఠం చెప్పిన నోరు అది.

ఆదివారం మేస్టారు వచ్చాడు. ఎర్ర లైటు వెలిగింది. మీటరు ఎక్కడ పెట్టినా షార్టే చూపించింది. మేస్టారు చెమటలు కక్కుతూ గంటసేపు వెతికాడు, పట్టాను ముక్కలుగా విడగొడితే తప్ప దొరకదన్నాడు, సన్న రంపం తెస్తానని బండి తీసుకుని టెక్కలి పోయాడు. తన మూలంగా మంచి పట్టాకు రంపం పడుతుందని జగన్నాధం అనుకోలేదు. మేస్టారు వెనకాలే గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు.

లక్ష్మణమ్మ వచ్చి ప్లైవుడ్డు పక్కన కూర్చుంది. మీటరు ఏమిటో ఆవిడకు తెలీదు. కంకర తెలుసు. చిన్న రైలు రోజుల్లో మొగుడికి పూటపూటా కేరేజీ పట్టుకుని ఆ దారి వెంట నడిచిన మనిషి. వేలితో వంపు పొడుగునా మెల్లిగా రాసుకుంటూ వెళ్లి ఒకచోట ఆపింది. కొన్నాళ్ల దుమ్ము పట్టి మిగతా కంకరంతా మాసి ఉంది. అక్కడ వేలెడు మేర తెల్లగా మెరుస్తోంది.

“ఇక్కడ కంకర కొత్తది మావా,” అంది.

జగన్నాధం వసారా చివరికి నడిచాడు, తిరిగి వచ్చాడు, మళ్లీ నడవబోయాడు.

“తిరిగినకాడికి సాలు. తవ్వి పూడ్సిన సోటు నాకు తెలీదేటి? మేస్టారు రంపం తెస్తన్నాడు. ఏటి పెట్టినావు దీని కింద?”

ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దాచడానికి ఓపిక అయిపోయింది. తీగ పెట్టానన్నాడు, బండి తిరక్కూడదనే పెట్టానన్నాడు.

“ఆపరేసనయితే కింద కూకోకూడదంట. రాళ్ల మీద నడవకూడదంట. మరి నానేటి సెయ్యాల? రాముడి పక్కన ఇంకో కుర్సీ ఎయ్యించుకుని సెయ్యూపాలా?”

 లక్ష్మణమ్మ తిడుతుందనుకున్నాడు. తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది. ఆవిడ పట్టకారు తీసి ఆయన చేతిలో పెట్టింది.

“ఇది తీసీ ముందు. అంత పని సేసి, సివరికి దాన్ని నువ్వే పాడుసేసుకుంటావా?”

“తీస్తే రేపే ఎల్లాల.”

“ఎల్లు.”

“నెల్లాళ్లు రానివ్వరు. ఇక్కడ ఉప్పుగాలికి వారంలో పట్టా నల్లబడిపోద్ది. రోజూ పొద్దున తుడవాల, అతుకు అతుకూ సూడాల. ఎవుడు సూస్తాడు?”

“నాను తిరుగుతాను నీ బీటు,” అంది లక్ష్మణమ్మ. “నాకు మోకాళ్లు బాగానే ఉన్నాయి.”

 జగన్నాధం పళ్లు బిగబట్టి కింద కూర్చున్నాడు. గొంతుక్కూర్చోవడం బహుశా అదే ఆఖరుసారి. కంకర గీకి, టంకం కరిగించి, తీగ లాగేశాడు. మేస్టారు రంపంతో వచ్చేసరికి పెట్టె మీద ఎర్ర లైటు లేదు. ఏమైందని ఆయన అడిగితే, కంకర కింద తీగ ముక్క ఉండిపోయింది, దొరికిందని లక్ష్మణమ్మే చెప్పింది. అబద్ధం కూడా కాదు. ఇంజను బయల్దేరింది. స్టేషను, పాయింటు, వంపు. అతుకు దగ్గర తూలలేదు. వెనక లైను మీదుగా తిరిగి వచ్చి బయల్దేరిన చోటే ఆగింది. మేస్టారు చప్పట్లు కొట్టాడు. జగన్నాధం కళ్లు తుడుచుకుని, పొగ అన్నాడు. టంకం పొగ పోయి అప్పటికి చాలాసేపయింది.

మర్నాడు ఆరింటికి ఆటో చెప్పారు. అయిదింటికే లేచిన జగన్నాధం సంచీ సర్దుకుని వసారాలోకి వచ్చేసరికి లక్ష్మణమ్మ అప్పటికే ప్లైవుడ్డు పక్కన గొంతుక్కూర్చుని ఉంది. చూపుడు వేలికి మెత్తటి పాత చీర ముక్క చుట్టుకుని ఎడమ పట్టా మీద అంగుళం అంగుళం జరుపుతోంది. అతుకు వచ్చినప్పుడల్లా ఆగి గోటితో తడిమి చూస్తోంది. ఆయన అలవాటు కొద్దీ ఆవిడ వెనకాలే రెండడుగులు వేశాడు. పాయింటు దగ్గర జాగ్రత్త అని చెప్పబోయి, ఆవిడ వేలు అక్కడికి రాగానే దానంతటదే మెల్లగా జరగడం చూసి మానేశాడు.

“కుడి పట్టా మీద తిరిగి రావాల,” అన్నాడు చివరికి.

“తెలుసు. నువ్వు కూకో.”

గోడ పక్కన మేస్టారు కూర్చునే కుర్చీ ఉంది. జగన్నాధం దాన్ని ఈవైపుకి లాక్కున్నాడు, వెలుతురుకు అడ్డం రాకుండా సర్దుకున్నాడు, కూర్చున్నాడు. ఆవిడ బీటు పూర్తయి, ఆటో వచ్చి హారన్ కొట్టేదాకా లేవలేదు.