కొయ్యబిళ్ళ ఏ వైపు

మా కుట్టు విభాగంలో ఆవిడను అందరూ పెద్దక్క అనేవారు. వయసులో ఆవిడకంటే పెద్దవాణ్ణయిన నేను కూడా. ప్రభుత్వ ముద్రణాలయం వెనక పొడవాటి రేకుల షెడ్డు మాది. మంత్రుల కార్లకు, సభలకు, విదేశీ అతిథుల రాకకు కావలసిన జెండాలన్నీ అక్కడే తయారయ్యేవి. నేను గుడ్డ కోసేవాణ్ణి, ఆవిడ కుట్టి తాడు వేసేది. ముప్పై ఏళ్ళు అదే పని. ఆవిడ గురించి పెద్దపెద్ద మాటలు రాయడం నాకు చేతకాదు గనక జరిగింది జరిగినట్టు చెప్తాను.

ముందు తాడు సంగతి తెలియాలి. జెండాకు ఒక అంచున గొట్టంలా మడత కుట్టి అందులో తాడు దూరుస్తాం. తాడు ఒక కొసకు వేలెడంత కొయ్యబిళ్ళ ఉంటుంది. ఎగరేసే సిపాయి రంగులు చూడడు. కొయ్యబిళ్ళ ఎటుంటే అది పైవైపు, అంతే. పక్కన బ్యాండు మోగుతుంటే, పై అధికారి గడియారం చూసుకుంటుంటే, రంగులు సరిచూసుకునే తీరిక వాడికెక్కడిది? ఆ పూచీ అంతా తాడు వేసేవాళ్ళదే.

పొరుగుదేశంతో యుద్ధం ఒక గుట్ట కోసం వచ్చింది. ఆ గుట్టను నేను చూడలేదు. యుద్ధం ప్రకటించిన పెద్దాయన కూడా చూసి ఉండడని నా అనుమానం. ఏడు వారాల్లో కాల్పులు ఆగాయి గానీ మాటలు మాత్రం పదకొండేళ్ళు ఆగిపోయాయి. రాయబారులు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు. ఏటా యుద్ధం మొదలైన రోజున నాయకులు సభలు పెట్టి ఆ దేశం జెండాను తగలబెట్టేవారు. మరి తగలబెట్టడానికి జెండాలు ఎవరిస్తారు? మేమే. ఆ జెండా రెండు పట్టీలే, ఊదా ఒకటి, పసుపు ఒకటి. దాన్ని తలకిందులుగా ఎగరేసి కాలిస్తే అవమానం రెట్టింపవుతుందని ఏ బుర్రకు తట్టిందో, కొయ్యబిళ్ళ పసుపు వైపు వెయ్యమని నోటిమాటగా చెప్పారు. కాగితం మీద ఎక్కడా లేదు. పదకొండేళ్ళు పెద్దక్క అలాగే వేసింది.

ఆవిడ తమ్ముడు ఆ యుద్ధంలోనే మూడో వారంలో పట్టుబడ్డాడు. ఇంట్లో చిన్నోడు అనేవారు. వాడికి నాలుగేళ్ళప్పుడు తల్లి పోతే ఈవిడే పెంచింది. పట్టుబడ్డ ఆరో ఏట సహాయ సంఘం ద్వారా ఒక కార్డు వచ్చింది. “బాగానే ఉన్నాను. పళ్ళు రెండు పోయాయి. నా సైకిలు ఎవరికీ ఇవ్వకు.” అంతే రాశాడు. తమ్ముణ్ణి చెరలో పెట్టినవాళ్ళ జెండా ముందర పెట్టుకుని ఎలా కుడుతున్నావని ఒకసారి అడిగాను. “నేను మానేస్తే చిన్నోడు వస్తాడా మాస్టారూ?” అంది. నేను మళ్ళీ గుడ్డ కోయడంలో పడ్డాను.

పదకొండో ఏట ఇక్కడ నాయకుడు మారాడు, అక్కడా మారాడు. ఖైదీలను మార్చుకుందామని ఒప్పందానికి వచ్చారు. సంతకాలు మా ఊళ్ళోనే, గురువారం పదకొండు గంటలకు. విడుదలయ్యే నలభై ఒక్కమంది పేర్లు పత్రికలో వేశారు. ఇరవై తొమ్మిదో పేరు చిన్నోడిది. మాకు ఆ దేశం జెండాలు ఇరవై నాలుగు మంచి పట్టుగుడ్డతో కుట్టమని ఉత్తర్వు వచ్చింది. పెద్దక్క మరెవర్నీ ముట్టుకోనివ్వలేదు. కుట్టడం అయ్యాక ఆవరణలో ఒకటి ఎగరేసి చూశాం. సూపరింటెండెంటు గారు, నేను, మిషన్ల వాళ్ళు అందరం తలెత్తి చూసి భేషుగ్గా ఉందన్నాం.

గురువారం ఏడున్నరకు షెడ్డు తాళం తీస్తుంటే పెద్దక్క రొప్పుతూ వచ్చింది.

“మాస్టారూ, పసుపు పైన కాదు.”

“ఏంటి?”

కార్డు నా చేతిలో పెట్టింది. తమ్ముడు వస్తున్నాడని పొద్దున్నే మళ్ళీ తీసి చదువుకుందట. దాని మీది ఆ దేశపు స్టాంపులో గోరంత జెండా ఉంది. పైన ఊదా, కింద పసుపు.

“స్టాంపు తిరగేసి అంటించాడేమో. మీవాడికి కొంటె వేషాలెక్కువ కదా.”

“స్టాంపు మీది అంకె చూడండి. నిటారుగానే ఉంది.”

పదకొండేళ్ళు ఆ జెండాను తలకిందులుగా తప్ప చూసినవాళ్ళం కాదు. బొమ్మల పుస్తకాల్లో ఆ జెండా పేజీలు ఎప్పుడో చింపేశారు. తలకిందులుగా వెయ్యమన్న మాటే మరిచిపోయాం. మా కళ్ళకు తప్పే ఒప్పయి కూర్చుంది.

సూపరింటెండెంటు గారు కార్డు చూసి నీళ్ళు నమిలారు.

“అందరం చూశాం కదమ్మా. బాగుందన్నాం కదా.”

“తప్పును చూసి బాగుందన్నాం సార్.”

“ఇప్పుడు పైవాళ్ళకు చెప్తే కావాలనే చేశావంటారు. తమ్ముడు అక్కడున్నాడు కాబట్టి వాళ్ళతో కలిసి సంతకాలు చెడగొట్టబోయావంటారు. నన్నూ ఇందులోకి లాగుతారు. ఊరుకో, ఎవరూ గమనించరు.”

“వాళ్ళ జెండా వాళ్ళు గమనించరా? వెనక్కి తిరిగి వెళ్ళిపోతే చిన్నోడు రాడు సార్.”

ఆయన కదల్లేదు. పెద్దక్క బల్ల మీది కాగితం లాక్కుని నిలబడే రాసింది. ఇరవై నాలుగు జెండాల్లో తప్పు పూర్తిగా తనదేననీ, గుడ్డ కోసినవాడికి గానీ పై అధికారికి గానీ తెలియదనీ. కింద సంతకం పెట్టింది. ఆయన రెండుసార్లు చదివి, సొరుగులో పెట్టి తాళం వేసి, అప్పుడు జెండాలు కట్టి ఉన్న సభాభవనంలోకి మాకు అనుమతి చీటీ రాసిచ్చారు. నా పేరు కూడా రాయమని నేను అనాల్సింది. నోటిదాకా వచ్చింది, అనలేదు. దానికి ఈరోజుకీ సిగ్గుపడుతున్నాను.

భవనంలో జెండాలు ఒక్కొక్కటే దింపి, బ్లేడుతో కుట్లు విప్పి, తాడు లాగి, కొయ్యబిళ్ళ ఊదా వైపుకి తిప్పి మళ్ళీ చేత్తోనే కుట్టింది. నేను గుడ్డ పట్టుకున్నాను. కాపలావాడు నిమిషానికోసారి వచ్చి “అయిందా?” అనేవాడు. ఆవిడ తలెత్తలేదు. వేళ్ళు రెండుచోట్ల గుచ్చుకుంటే పట్టుకు రక్తం అంటకుండా చీర కొంగుకి తుడుచుకుంది. గేటు దగ్గరి జెండా పైకెళ్ళేసరికి పదకొండుకి పది నిమిషాలు. వాళ్ళ నాయకుడు కారు దిగి, కళ్ళజోడు సర్దుకుని దాని వంక ఒకసారి చూశాడు. లోపలికి నడిచాడు. సంతకాలు అయ్యాయి. మర్నాడు పత్రికల నిండా నాయకుల చేతులు కలిసిన ఫొటోలే.

సభాభవనంలో ఎందుకు కుట్లు విప్పారని ఆ సాయంత్రమే విచారణ మొదలైంది. సొరుగులోని కాగితం బయటికి వచ్చింది. శనివారానికి పెద్దక్కను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆవిడ తన కత్తెర, వేలికి తొడిగే అంగుస్తాను సంచిలో వేసుకుని, “మీరు మంచినీళ్ళు సరిగ్గా తాగరు మాస్టారూ, చూసుకోండి” అని వెళ్ళిపోయింది. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

పన్నెండు రోజులకు బస్సులు వచ్చాయి. కూడలిలో తాళ్ళు కట్టి జనాన్ని ఆపారు. ఒప్పందం ప్రకారం రెండు దేశాల జెండాలూ ఎగురుతున్నాయి. పెద్దక్కతో నేనూ వెళ్ళాను. అధికారి ఒక్కొక్క పేరూ పిలుస్తుంటే ఒక్కొక్కరే దిగుతున్నారు. ఇరవై తొమ్మిదోవాడు దిగాడు. జుట్టు పల్చబడింది, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. పెద్దక్క “చిన్నోడా” అని పిలిచింది. వాడు ఇటు చూడలేదు. తలెత్తి పొరుగుదేశం జెండాను చూశాడు. మడమలు దగ్గరికి వచ్చాయి. కుడిచెయ్యి నుదుటికి చేరి అక్కడే ఆగిపోయింది. అక్కడ రోజూ పొద్దున్నే అలా చెయ్యనివాళ్ళకు తిండి పెట్టేవారు కాదని తర్వాత తెలిసింది. ఆ క్షణాన ఎవరికీ తెలియదు. నా వెనకెవరో “వీడు వాళ్ళ మనిషయిపోయాడు” అన్నారు.

పెద్దక్క తాడు కింద నుంచి దూరి వెళ్ళింది. వాడి మణికట్టు పట్టుకుని మెల్లగా కిందికి దించింది. వాడు అప్పుడు ఆవిణ్ణి చూశాడు. తర్వాత తన చేతిని చూసుకున్నాడు. మొహం తెల్లబోయింది.

“అక్కా, ఎవరైనా చూశారా?”

“ఎవరూ చూడలేదు” అంది.

కూడలిలో నాలుగు వందల మందిమి ఉన్నాం.