ఆదివారం చూపించే ఇల్లు

భర్త సదయ్య దిగిపోయే ఏడాది వచ్చేసరికి రాజకుమారికి కంటి మీద కునుకు కరువైంది. ఆ ప్రాంతంలో దిగిపోవడమంటే బొగ్గుబాయి నుంచి రిటైర్ కావడం. దిగిపోయినవాళ్లు కంపెనీ క్వార్టర్ అప్పజెప్పాలి. ఎయిటింక్లైన్ కాలనీలో ఆ రెండు గదుల క్వార్టర్‌కు కోడలిగా వచ్చింది, అక్కడే ఇద్దరు పిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేసింది. కిటికీ పక్కన మిషన్ వేసుకుని చుట్టుపక్కల లైన్లలోని ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టింది.

ఆమె పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. ఓపెన్‌కాస్టు గని కింద పోయింది. తాము ఉన్న ఇంటికి తల్లి తన చేతులతోనే తలుపులు ఊడదీసి ట్రాక్టర్‌లో వేయించడం రాజకుమారి చూసింది. అక్కడి నుంచి క్వార్టర్‌కు వచ్చింది. ఖాళీ చెయ్యమని ఎవరూ అడగలేని ఇంట్లో ఆమె ఒక్కరోజు కూడా ఉండలేదు.

నల్లా దగ్గర ఎవరు కలిసినా అదే మాట. "ఇల్లేడ తీస్కున్నరు వదినె?" కొలత ఇవ్వడానికి వచ్చినవాళ్లూ అదే అడిగేవారు. ఆమె జవాబు చెప్పలేక టేపు మెడలో వేసుకుని లోపలికీ బయటికీ తిరిగేది. సదయ్యది నిమ్మళమైన తత్వం. బాయిలో బొగ్గు టబ్బుల్ని తాడుతో లాగే హాలేజీ మిషన్ దగ్గర పనిచేసి చేసి, గంట కొడితే తప్ప కదలని అలవాటు పడింది. "దొరుకుతది తియ్" అనేవాడు. ఆ మాట వింటే ఆమెకు ఒళ్లు మండేది.

అలాంటప్పుడు వచ్చాడు భూపాల్. వెనక లైన్ క్వార్టర్లలో పెరిగినవాడే. వాడి తల్లి జాకెట్లు రాజకుమారే కుట్టేది. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో కార్డు తగిలించుకుని ఇండ్లు అమ్ముతున్నాడు. కాలనీలో ఎవరు ఎప్పుడు దిగిపోతున్నారో వాడికి తెలియంది కాదు.

"అక్కా, నువ్వు మా ఇంటి ఆడబిడ్డసొంటిదానివి. నీకు చెప్పకుండ ఎవరికి చెప్త? గోదావరి బ్రిడ్జి దాటినంక కొత్త ఇండ్లు లేస్తున్నయ్. ఆదివారం కారు తోలిస్త. బావను తీస్కొని రా. చూస్తే పోయేదేముంది?"

ఆదివారం పొద్దున ఏసీ కారు క్వార్టర్ ముందు ఆగింది. లైన్లో అందరూ చూస్తుండగా ఇద్దరూ ఎక్కారు. దారంతా భూపాల్ మాట్లాడుతూనే ఉన్నాడు. కారు మెయిన్ రోడ్డు దిగి, కమాను కిందుగా పోయి, తెల్లటి ఇంటి గేటు ముందు ఆగింది. కొత్త సున్నం వాసన. తులసికోట కట్టి ఉంది. ముందు గదిలో తూర్పు వైపు పెద్ద కిటికీ. అక్కడ ఆమె కాలు ఆగిపోయింది.

భూపాల్ చూశాడు. "మిషిన్ ఈడ వేసుకుంటవ్ గదా అక్కా," అన్నాడు మెల్లగా.

ఆమె అవునని తలూపింది. అంతే, మనసులో ఆ ఇంట్లోకి సామాను దింపేసింది.

అప్పుడే ఇంకో జంట లోపలికి వచ్చింది. ముప్పై దాటిన మనిషి, పక్కన ఆవపువ్వు రంగు చీరలో భార్య. అతను వంటగదిలో నల్లా తిప్పి వెంటనే కట్టేశాడు. ఆమె మూలన ఉన్న చిన్న పూజగది ముందు నిలబడి, "మా అత్తమ్మకు గీ దేవునర్ర మస్తు నచ్చింది. ఇయ్యాలనే ఇచ్చేద్దాం," అంది అందరికీ వినపడేలా.

భూపాల్ ముఖం చిన్నబోయింది. రాజకుమారి దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, గిదొక్కటే మిగిలింది. నీకోసమని ఆపిన. వాళ్లు పైసలు పట్టుకొని వచ్చిన్రు. జర జల్ది ఆఫీసుకు పోదాం."

ఆఫీసులో చల్లటి డ్రింకులు ఇచ్చారు. సదయ్య ఒక కుర్చీలో, రాజకుమారి ఇంకో కుర్చీలో కూర్చుంటే మధ్య కుర్చీలో భూపాల్ కూర్చున్నాడు. ఎదురుగా మేనేజర్. భర్తతో ఒక్క మాట మాట్లాడాలని ఆమె ఎంత ముందుకు వంగినా భూపాల్ భుజమే అడ్డం వచ్చింది.

"మేం జర బయటికి వోయి మాట్లాడుకొనొస్తం," అంది చివరికి.

"తప్పకుండా మాట్లాడుకోండమ్మా," అన్నాడు మేనేజర్ నవ్వుతూ. "కానీ పక్క గదిలో వాళ్లు చెక్కు రాస్తున్నారు. మీరు వచ్చేసరికి ఇల్లు ఉంటుందని నేను మాట ఇవ్వలేను. రేపటి నుంచి రేటు కూడా మారుతోంది. ఇంకో సంగతి, సార్ సర్వీసులో ఉండగానే బ్యాంకు లోను వస్తుంది. దిగిపోయాక ఎవరిస్తారు?" ఆ తర్వాత సదయ్య వైపు తిరిగాడు. "మీ ఇంట్లో నిర్ణయం మీదేనా సార్, మేడంగారిదా?"

సదయ్య ముఖం ఎర్రబడింది. జీవితంలో తొందరపడని మనిషి జేబులోంచి ఫోన్ తీశాడు. టోకెన్ కింద యాభై వేలు పంపాడు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ ఇద్దరూ పెట్టారు. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. మిఠాయి డబ్బా చేతికిచ్చి, చేటంత థర్మోకోల్ తాళంచెవి పట్టుకోమని ఫోటో తీశారు.

ఆ సాయంత్రం లైన్లో అందరికీ మిఠాయి పంచింది రాజకుమారి. మర్నాడు మిషన్ దగ్గర కూర్చుంటే కుట్టు వంకర పోయింది. విప్పింది, మళ్లీ కుట్టింది, మళ్లీ వంకర. ఇల్లు వచ్చింది కదా, ఇంకేం కావాలని తనను తానే తిట్టుకుంది.

సదయ్య డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అడిగింది.

"ఆ ఇంటెనక ఏమున్నది?"

"ఏముంటది, గోడ ఉంటది."

"చూసినవా?"

సదయ్య ఆలోచించాడు. "లేదు. నువ్వు?"

"నేను చూడలె. నల్లాల నీళ్లు వచ్చినయా?"

"నాకేమెరుక. గా పోటీకి వచ్చినాయన తిప్పిండు, కట్టేసిండు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అన్ని పైసలు పెట్టి కొనే ఇంట్లో వాళ్లు ఎంతసేపు ఉన్నారో తలుచుకుంటే సిగ్గేసింది. టమాటలు కొనేటప్పుడు కూడా ఒక్కొక్కటి తిప్పి చూసే మనిషి ఆమె.

భూపాల్‌కు ఫోన్ చేసి ఇంకోసారి ఇల్లు చూస్తామంది. "రిజిస్ట్రేషన్ నాడు చూద్దువు తియ్ అక్కా. తాళం సారు దగ్గరుంటది. ఏం ఫికర్ చెయ్యకు," అన్నాడు. ఆ మాటతో ఆమెకు ఉన్న కాస్త ఓపికా పోయింది. పెండ్లి జాకెట్లు చేతిలో ఉండి వారమంతా కదలలేకపోయింది. ఆదివారం రాగానే, సదయ్యకు మొదటి షిఫ్టు పడితే, తానొక్కతే మంచిర్యాల బస్సెక్కి, కమాను దగ్గర దిగి నడిచింది.

కారులో వచ్చినప్పుడు కనపడనివి నడుస్తుంటే కనపడ్డాయి. సగం కట్టి ఆపేసిన గోడలు, తీగల్లేని కరెంటు స్తంభాలు. చివరి వరుసలో ఒక్క ఇంటి ముందు తీగ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. దాహం వేసి ఆ ఇంటి ముందు నిలబడి నీళ్లడిగింది. మమత అనే పడుచు బయటికి వచ్చింది. చంకలో పసిపాప. భర్త లారీ డ్రైవర్. ప్లాస్టిక్ క్యాన్ వంచి సగం గ్లాసు నీళ్లు పోసింది.

"కొనుక్కొచ్చిన నీళ్లక్కా. బోరు ఉగాది నుంచి పోస్తలేదు."

"మరి ఎనక గోడవతల ఏమున్నది?"

"ఒర్రె. ఇప్పుడు ఎండింది గానీ, వానలు పడితే నీళ్లు మా మెట్లదాంక వస్తయ్."

రాజకుమారి అరుగు మీద కూలబడింది. "రిజిస్ట్రేషన్ అయ్యిందా మీకు?"

"యాడ. వచ్చే నెల, వచ్చే నెల అంటున్నరు. నిరుడు ఇంట్లకొచ్చినం."

"ప్రతి ఆదివారం మందొస్తరు గదా ఇండ్లు చూసుటానికి. ఒక్కలకన్న చెప్పలేదా?"

మమత పాపను ఇంకో చంకకు మార్చుకుంది. "వాళ్లను మా దిక్కు రానియ్యరక్కా. కారు దింపుతరు, కారు ఎక్కిస్తరు." చూపు దించుకుని అంది. "నేను గూడ నోరు తెర్వలె. మాది రిజిస్ట్రేషన్ గావాలె గదా."

అప్పుడే కమాను దిక్కు నుంచి ఏసీ కారు వచ్చింది. తాము చూసిన తెల్లటి ఇంటి ముందే ఆగింది. భూపాల్ దిగాడు. వాడి వెనక తమ ఈడు భార్యాభర్తలు బెరుకుగా దిగారు. కాసేపటికి ఒక మోటార్‌సైకిల్ వచ్చి దూరంగా, చెట్టు చాటున ఆగింది. దాని మీది నుంచి దిగిన జంట నడుచుకుంటూ ఆ ఇంట్లోకి పోయింది.

ఆడమనిషిది ఈసారి నీలం చీర. నడక మాత్రం అదే.

రాజకుమారి గ్లాసు అరుగు మీద పెట్టి లేచింది. గేటు దాకా వచ్చేసరికి లోపలి నుంచి గొంతు వినపడింది. "మా అత్తమ్మకు గీ దేవునర్ర మస్తు నచ్చింది. ఇయ్యాలనే ఇచ్చేద్దాం."

అత్త ఎవరూ వెంట లేరు. అప్పుడూ లేరు. ఆ సంగతి తనకు అప్పుడెందుకు తట్టలేదో రాజకుమారికి అర్థం కాలేదు. వెనక్కి తిరిగి బస్సెక్కి పోవాలనిపించింది. తన టోకెన్ వాళ్ల చేతిలోనే ఉంది, గొడవ పెట్టుకుంటే అదీ పోతుంది. లోపల, ఆ కొత్తగా వచ్చిన ఆడమనిషి తూర్పు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం చూశాక రాజకుమారి గేటు తోసింది.

భూపాల్ రంగు మారింది. "అక్కా, నువ్వేంది గిట్లొచ్చినవ్?"

ఆమె వాడి వంక చూడలేదు. "చెల్లె, మీదే ఊరు?"

"కాసిపేట," అంది ఆ ఆడమనిషి.

"ఈ ఇల్లు పోయిన ఆదివారం మేం తీస్కున్నం. టోకెన్ గూడ ఇచ్చినం. మళ్ల మీకెట్ల చూపెడ్తున్నరో నాకు తెల్వది." నీలం చీర వైపు చెయ్యి చూపింది. "ఆ నాడు మాకు పోటీగ వచ్చింది గీమెనే. గవే మాటలన్నది."

"అక్కా, అది వేరే ఇల్లు," అన్నాడు భూపాల్.

"గీ కిటికీ కాడనే మిషిన్ వేసుకొమ్మన్నవ్ రా."

నీలం చీర మనిషి తన భర్త చెయ్యి గిల్లింది. ఇద్దరూ చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. కాసిపేట మనిషి గొణిగాడు. "ఇంతదూరం వచ్చినం గదా, ఆఫీసుల ఒక మాట అడిగి..."

"వచ్చినం, చూసినం. పోదాం," అంది అతని భార్య. పోతూ పోతూ రాజకుమారి చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది.

రాజకుమారి మెయిన్ రోడ్డు వైపు నడుస్తుంటే, కాసిపేట వాళ్లను కారులో పంపేసి, భూపాల్ ఆఫీసు బండి వేసుకుని పక్కన వచ్చాడు. "నా కడుపు కొట్టినవ్ అక్కా. నెలకిన్ని ఇండ్లని లెక్క పెట్టిన్రు. అన్ని అమ్మకపోతే జీతం లేదు."

"నన్ను అక్కా అనకపోతే నీకు నేను టోకెన్ ఇయ్యకపోదును భూపాల్."

వాడు తల దించుకున్నాడు. ఎండగా ఉంది ఎక్కమన్నాడు. ఆమె ఎక్కలేదు. బస్సు వచ్చేదాకా మాత్రం వాడు అక్కడే నిలబడ్డాడు.

టోకెన్ వెనక్కి ఇవ్వమని ఇద్దరూ ఆఫీసుకు పోతే మేనేజర్ నవ్వు తగ్గకుండానే, ఇవ్వబడదని సంతకం పెట్టిన కాగితంలో ఉందన్నాడు. సదయ్య ఉడుక్కున్నాడు. మరుసటి ఆదివారం రాజకుమారి చేతిలో కాజాలు కుట్టే జాకెట్లతో వెళ్లి ఆఫీసు ముందు గదిలో కూర్చుంది. అరవలేదు. వచ్చినవాళ్లు ఎవరైనా, మీరూ ఇల్లు కొన్నరా అని అడిగితే జరిగింది చెప్పింది. తర్వాతి ఆదివారమూ అంతే. సదయ్య డ్యూటీ లేనప్పుడు టిఫిన్ పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. కూర్చున్నంతసేపూ ఆమె, పోలీసులను పిలుస్తారేమోనని గుమ్మం వైపే చూసేది. చివరికి మేనేజరే విసిగిపోయి, సగానికి పైగా వెనక్కిచ్చి ఇటువైపు రావద్దన్నాడు. మిగతాది పోయినట్టే.

సదయ్య దిగిపోయాడు. క్వార్టర్ అప్పజెప్పి, గోదావరిఖనిలో కిరాయికి రెండు గదులు తీసుకున్నారు. ఆ ఏడాదంతా ఆమె లెక్కలేనన్ని ఇండ్లు చూసింది. సొంత ఇల్లు లేకుండానే పోతామేమో అని భయపడేది, అయినా ఎవరైనా ఇయ్యాలనే చెప్పాలె అన్నారంటే లేచి వచ్చేసేది. ఆఖరికి రామకృష్ణాపూర్‌లో చంద్రమతి అనే ఆవిడ పాత ఇల్లు దొరికింది. కోస్తా నుంచి వచ్చి స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి, చెల్లెలి దగ్గరకు వెళ్లిపోతోంది.

"తొందరేం లేదండీ," అంది చంద్రమతి. "వానలో ఒకసారి వచ్చి చూడండి. వంటింట్లో ఒక మూల కారుతుంది, అది ముందే చెబుతున్నాను."

వానలో వెళ్లి చూశారు. కారింది. రెండు పక్కల ఇండ్లవాళ్లతో మాట్లాడారు. రిజిస్ట్రేషన్ అయ్యాకే సామాను దింపారు.

కొత్త ఇంట్లో చేరినా రాజకుమారికి మమత మాట మనసులోంచి పోలేదు. ఆ ఆదివారం నీళ్లు పోసిన పిల్ల తర్వాత ఏమైందో తెలుసుకోవాలని నంబర్ సంపాదించి అప్పుడప్పుడు ఫోన్ చేసేది. రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. ఒకరోజు మమతే చేసింది.

"అక్కా, ఇయ్యాల ఇద్దరు ముసలోళ్లు కారు దిగి, తిరుక్కుంట తిరుక్కుంట మా ఇంటికొచ్చిన్రు. నీళ్లడిగిన్రు. చెప్పేసిన."

"ఏం చెప్పినవ్?"

"అంత చెప్పిన. బోరు, ఒర్రె, రిజిస్ట్రేషన్. వాళ్లు ఎల్లిపోయిన్రు. సాయంత్రం ఆఫీసోళ్లు వచ్చి మా ఆయనను పిలిచి మాట్లాడిన్రు. మా ఆయన నాతోని మాట్లాడుతలేడు. తప్పు చేసిన్నా?"

రాజకుమారికి పోయింది టోకెన్‌లో కొంత. ఆ పిల్లకు ఇల్లే పోవచ్చు. తప్పు కాదని చెప్పడం తేలికే, కానీ ఆ మాటతో రిజిస్ట్రేషన్ కాదు.

"రేపు నేను బావను తీస్కొని వస్త," అంది. "మీ ఆయనను గూడ ఉండుమను. మీసొంటోళ్లు ఇంకెంతమంది ఉన్నరో అడుగు. అందరం కలిసి ఆఫీసుకు పోదాం."

ఫోన్ పెట్టేసి, సదయ్యను లేపడానికి లోపలికి వెళ్లింది.