పిడికిలి పట్టేంత ఎత్తు

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను గుంతకల్లులో డ్యూటీలో ఉన్నాను. ఉరవకొండకు వెళ్లే దారిలో టీ బంకు దగ్గర ఒకాయన, నేనెవరో తెలియక, నాకే ఆ కబురు చెప్పాడు. కారు చక్రాలకు అలైన్‌మెంట్ చేసేవాడి కారే అదుపు తప్పి చేలోకి దూరి తగలబడిందట. సొంత పనే ప్రాణం తీసిందట. ఊళ్లో ఇప్పటికీ ఆ మాటే నడుస్తోంది కాబట్టి ఇది రాస్తున్నాను.

బావ కార్ల రిపేరు షెడ్డు ఊరి చివర ఉండేది. కార్లను కిందికి దించి, నేలను రాసుకుంటూ పోయేలా చేయించుకోవాలనే బెంగుళూరు మోజు మా వైపు కుర్రాళ్లకూ పట్టింది. కొందరు స్ప్రింగులను కోయించేసుకుని వచ్చేవాళ్లు. అలాంటి కారును చూస్తే బావకు ఒళ్లు మండేది. కోసిన స్ప్రింగు గుంతలో పడితే షాకబ్జర్ అడుగుకు కొట్టుకుంటుంది. చక్రాలు పైభాగాన లోపలికి ఒరిగి టైరు లోపలి అంచు అరిగిపోతుంది. స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. ఇదంతా ఆయన ఒకే మాటలో చెప్పేవాడు.

"నెత్తిన మూట పెట్టేది కాదప్పా పని. పెట్టినాక మోకాళ్లు యాటికి పోతాండాయో చూడల్ల."

సరైన పొట్టి స్ప్రింగులు, వాటికి తగ్గ షాకబ్జర్లు తెస్తేనే దించేవాడు. దించాక కొన్నాళ్లు నడిపి, స్ప్రింగులు సర్దుకున్నాక మళ్లీ అలైన్‌మెంటుకు రమ్మనేవాడు. రానివాళ్లను సంతలో కనిపించినా తిట్టేవాడు. ఏ కారునైనా ముందు తానే నడిపి చూసేవాడు, ఆ తర్వాతే పనిముట్టు పట్టేవాడు. చివరగా కారులో మనుషులను కూర్చోబెట్టి, గొంతుకూర్చుని, సైలెన్సర్ కింద పిడికిలి పెట్టేవాడు. దూరకపోతే కారు బయటికి పోయేది కాదు.

ఆ పిడికిలికి కారణం ఉలవలు. మా వైపు కోసిన ఉలవ కట్టెను, కాయలతో ఎండిన మొక్కలను, తారు రోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బండ్లే దాన్ని నూరుస్తాయి. పక్కనుంచి తప్పుకు పోయేవాణ్ణి రాతి గుండెవాడంటారు. కిందికి దిగిన కారు దాని మీద పోతే కట్టె అడుగున చుట్టుకుంటుంది, సైలెన్సర్ వేడికి అంటుకుంటుంది. అందుకని బావ కుర్రాళ్లకు చెప్పడమే కాదు, షెడ్డు దగ్గరి రోడ్డు మీద ఏటా ఉలవలు పరిచే అవ్వకు కూడా నేర్పాడు. పిడికిలి పట్టని కారును పిలవొద్దన్నాడు. తాను మాత్రం తన పాత జీపును ఆమె పంట మీద ముందుకూ వెనక్కూ తిప్పి, కట్టె అంతా నలిగాకే కదిలేవాడు. బావ వాళ్ల నాయన కూడా అదే రోడ్డు మీద ఉలవలు నూర్చుకున్న మనిషి.

బావ పోయిన రోజు పుట్టపర్తి నుంచి ఒకతను రెండు తలుపుల స్పోర్ట్స్ కారు తెచ్చాడు. యాడనో స్ప్రింగులు కోయించి, స్టీరింగు లాగుతోందని సరిచేయమన్నాడు. బావ ఎప్పటిలాగే ముందు నడిపి చూడడానికి తీసుకుపోయాడు. ఆ కారుకు ఆయన ఇంకా స్పానర్ కూడా పెట్టలేదు. టీ బంకు పెద్దమనుషులు ఈ ఒక్క ముక్క వింటే చాలు.

తర్వాత జరిగింది మర్నాడు అవ్వే మా అక్క ముందు కూర్చుని చెప్పింది.

"కారును చూసుకోలేదమ్మా. లోపల ఆయప్ప మొగం చూసి చెయ్యి ఊపినా. ఆయప్పే కదా అనుకుంటి."

ఆయన కూడా ఆలోచించలేదు. అవ్వ చెయ్యి ఊపితే పోవడం ఆయనకు అలవాటు. కట్టె మీద సగం దూరం పోయేసరికి అడుగు నుంచి పొగ వచ్చింది. దిగు నాయనా అని అవ్వ అరిచింది. అక్కడే ఆపి దిగి ఉంటే బతికేవాడు. పంట మాత్రం కాలి బూడిదయ్యేది. ఆయన ఆపలేదు. మంటతోనే కట్టె దాటించి, అప్పుడు కారును రాళ్ల చేలోకి తిప్పాడు. ఆయన పక్క తలుపు రాయికి ఆనుకుని తెరుచుకోలేదు, రెండో తలుపు వైపు జరిగేలోపే మంట లోపలికి వచ్చేసింది.

కారు దారి తప్పలేదు. ఆయనే తిప్పాడు.

అవ్వ చెప్పడం అయ్యాక అక్క, "నాలుగు మూటల ఉలవలకు మనిషిని ఇచ్చుకుంటి" అంది. నాకూ ఆయన మీద కోపం పోలేదు. పంట పోతే మళ్లీ పండించుకుంటారని వేరే ఏ ఊరివాడైనా అనుకునేవాడు. వానను నమ్మలేని మా నేల సంగతి తెలిసినవాడు కాబట్టి అనుకోలేకపోయాడు. అవ్వ పంటను నిలబెట్టినందుకు ఆయనకు నేను బాకీపడిన కృతజ్ఞత చాలా ఉంది, ఈ కోపంతోపాటే అదీ ఉంటుంది.

మొన్న ఆ దారిన పోతుంటే రోడ్డు మీద మళ్లీ ఉలవ కట్టె పరిచి ఉంది. అవ్వ కట్టెకు అడ్డంగా నిలబడి నా కారు ఆపింది. నన్ను గుర్తుపట్టింది, అయినా ఈసారి మొహం చూసి పంపదలచుకోలేదు. మోకాలు పట్టుకుని మెల్లగా కూర్చుని, కారు కింద పిడికిలి పెట్టింది. సులువుగానే పట్టింది. అయినా ఆమె చెయ్యి తీయలేదు. నేను ఇంజను ఆపేసి కూర్చున్నాను.