తీగ తిరిగే వైపు

వీధిలో అందరూ ఆమెను ఫ్యానక్క అంటారు. కాలిపోయిన ఫ్యాన్లకు కొత్త రాగితీగ చుట్టడం ఆమె పని. చుట్టేటప్పుడు కూనిరాగం తీస్తుంది. ఆ రాగం ముగిసేదాకా ఎవరూ పలకరించకూడదు. పలకరిస్తే చుట్ల లెక్క తప్పుతుంది, ఆపైన పడే తిట్లకు మాత్రం లెక్కుండదు.

రాగమూ పనీ రెండూ అమ్మ నేర్పినవే. ఆ అమ్మ ఇప్పుడు కొట్లోనే, బల్ల పక్కన మంచం మీద ఉంది. పక్షవాతం మాటను తీసుకుపోయి, ఎడమచేతి వేళ్ళను మాత్రం వదిలిపెట్టింది.

"అక్కా, అమ్మకి ఇంకేం తెలీదే. ఊరికే ఆశపడకు," అని చెల్లెలు వచ్చి చెప్పిపోయింది. ఆ మాటను మింగలేక, కక్కలేక ఫ్యానక్క అమ్మ కోసం ఒక కరెంటు గంటను తయారుచేసింది. లావుపాటి మేకుకు చుట్టిన తీగ, ఎదురుగా ఇనప రేకు, దాని కొసన చిన్న సుత్తి, పక్కన ఇత్తడి గిన్నె. మీట నొక్కితే తీగలో కరెంటు పారి, మేకు అయస్కాంతమై రేకును లాగుతుంది, సుత్తి ఠంగుమంటుంది. లాగగానే కరెంటు దారి తెగి, అది మళ్ళీ వట్టి మేకైపోతుంది. రేకు వెనక్కి రాగానే మళ్ళీ కరెంటు, మళ్ళీ ఠంగు.

"ఏం కావాలన్నా నొక్కమ్మా," అని మీటను ఆ వేళ్ళ కింద పెట్టింది.

అమ్మ నొక్కలేదు. నీళ్ళకూ నొక్కలేదు, దుప్పటికీ నొక్కలేదు. వారాలు గడిచాయి. మేకులోకి కనపడకుండా వచ్చిపోయే ఆ బలం అమ్మలో ఇంకా ఉందో లేదోనని ఫ్యానక్క బెంగపెట్టుకుంది.

ఒక మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ దిగి రాగితీగ మీద కూర్చుంది. ఆ మెరుపులో ఆమెకు చిన్నతనం కనిపించింది. అమ్మ ఒళ్ళో తల, తలపైన ఆ కూనిరాగం, ఎక్కడో తిరుగుతున్న ఫ్యాను గాలి. కళ్ళు సగం మూతపడ్డాయి. చేతులు మాత్రం వాటి మానాన అవి ఫ్యాను తీగచుట్టల కొసలు కలుపుతున్నాయి.

గంట మోగింది.

"ఏంటమ్మా? దాహమా? నొప్పా?" ఫ్యానక్క కంగారుగా లేచింది. అమ్మ చూపు ఆమె మీద లేదు, బల్ల మీది కొసల మీద ఉంది. ఫ్యానక్క వంగి చూసుకుంది. పక్కపక్క చుట్టల్లో కరెంటు ఎదురు దిశల్లో తిరగాలి. ఒకటి ఉత్తరధ్రువమైతే పక్కది దక్షిణం కావాలి. ఆమె అన్నింటినీ ఒకే వైపుకు కలిపేసింది. అలా బిగిస్తే ఫ్యాను మూలుగుతుందే గానీ తిరగదు.

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "దాహమేసినా పిలవలేదు కదే అమ్మా! తప్పు పట్టడానికి పిలిచావా?"

కొసలు మార్చి కలిపేదాకా గంట ఆగలేదు.