తొమ్మిదో బురుజు దాకా

మా అమ్మాయి పోయిందని నాకెవరూ ఫోన్ చేసి చెప్పలేదు. ఫోన్‌లో ఉన్నదే నేను. కెనడాలోని కాల్గరీలో నేను పనిచేసే టిఫిన్ల వంటింట్లో మధ్యాహ్నం రెండు దాటింది. మా అమ్మాయేమో ఎక్కడో దూరాన ఒంటారియోలోని ఓ చిన్న ఊళ్లో, కాలేజీ నుంచి పనికి నడిచి వెళ్తూ నాతో మాట్లాడుతోంది. మాట సగంలో ఉండగా పెద్ద చప్పుడు. తర్వాత చాలాసేపు గాలి. నేను పిలుస్తూనే ఉన్నాను. చివరికి ఎవరో మగమనిషి ఫోన్ తీసి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. అందులో నాకు అర్థమైంది ‘సారీ’ ఒక్కటే.

నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. మన తెలుగువాళ్ల పత్రికకి మా అమ్మాయి గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. రాస్తాను గాని, కోపం దాచుకోవడం నాకు చేతకాదు.

అది టూరిజం చదివేది. ఊరు చూడటానికి వచ్చినవాళ్లని వెంటబెట్టుకుని నడిపిస్తూ కథ చెప్పే పని. క్లాసులో ఒక్కొక్కరికి ఒక్కో ఊరు ఇచ్చారు. దీనికి వచ్చింది ఇంగ్లండ్ పక్కనున్న వేల్స్ దేశంలోని కాన్వీ. ఊరి చుట్టూ పాతకాలపు రాతిగోడ, దానికి ఇరవై ఒక్క బురుజులు. అది ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. ఫొటోలూ మ్యాపూ ముందు పెట్టుకుని బట్టీపట్టింది. పరీక్ష రోజు కాలేజీ వరండాలో క్లాసుని నడిపిస్తూ, ఆ గోడ చుట్టూ తిప్పుతున్నట్టే చెప్పాలట.

అది పనిచేసే గోడౌన్‌కి బస్సు లేదు. నలభై నిమిషాల నడక. ఒంటరిగా నడవొద్దంటే వేరే దారి లేదంది. అయితే నడిచినంతసేపూ ఫోన్‌లో ఉండు, కట్ చెయ్యకు అన్నాను. ఆడపిల్లల తల్లులం అందరం చేసేదే. చెవిలో అమ్మ ఉంటే పిల్లకి ఏమీ కాదనుకుంటాం. రోజూ ఏం మాట్లాడుకుంటాం? అందుకని నాకు ఆ ఊరు చూపించేది, తెలుగులో. దారిలో కరెంటు స్తంభం వచ్చినప్పుడల్లా ఒక బురుజు.

మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకుని, "వెనకున్నవాళ్లకి వినబడుతోందా?" అనేది. వినబడుతోందని నేను చెప్పేదాకా కదిలేది కాదు.

చపాతీలు వత్తుకుంటూ వినేదాన్ని. రేవు పక్కన ఎర్రరంగు వేసిన బుల్లి ఇల్లు ఒకటుందట. ఆ దేశంలో అంతకన్నా చిన్న ఇల్లు లేదట. చేపలు పట్టే ఆరడుగుల మనిషి అందులో ఉండేవాడట. పాపం, అందులో ఎలా పట్టాడే అన్నాను.

"పాపమేంటమ్మా, ఒక్కడే కదా. మా బేస్‌మెంట్‌లో ఎనిమిదిమందిమి."

గోడమీద రాజుగారి గుమాస్తాల కోసం వరసగా పన్నెండు మరుగుదొడ్లు కట్టారని చెప్పి పడీపడీ నవ్వింది. వీళ్ల ఎనిమిదిమందికీ ఒక్కటే. నాకు నవ్వు రాలేదు. ఇంతమంది పిల్లల్ని రమ్మని పిలిచినవాళ్లు, వీళ్లు ఎక్కడ పడుకుంటారు, ఎలా తిరుగుతారు అని ఒక్కసారైనా అనుకోలేదా అని తిట్టాను. అప్పుడు అది ఆ గోడ సంగతి చెప్పింది. ఇంగ్లీషు రాజు వచ్చి గోడ కట్టి, లోపల తనవాళ్లని పెట్టుకున్నాడట. నేల వేల్స్‌వాళ్లదే. వాళ్లు మాత్రం బయట.

"అమ్మడానికి రావొచ్చు, కొనడానికి రావొచ్చు. ఉండటానికి వీల్లేదు. అర్థమైందా అమ్మా?"

అర్థమైంది. చదవడానికి రావొచ్చు, గోడౌన్లలో పెట్టెలు మొయ్యడానికి రావొచ్చు. నడవడానికి రోడ్డు పక్కన రెండడుగుల చోటు ఉండదు. ఐదో తరగతి చదివినదాన్ని, వంటింట్లో నిలబడి ఒక దేశం చూశానంటే దాని చలవే. అంత బాగా చెప్పే పిల్లని ఏం చేశారు?

ఆ రోజు తొమ్మిదో బురుజు దాకా చెప్పింది. మంచు తీసేవాళ్లు బళ్లకి దారి చేసి, ఆ మంచంతా రోడ్డు అంచున గుట్ట పోశారు. మనుషులకి దారి లేదు. "ఆగమ్మా, ఇక్కడ రోడ్డు మీదికి దిగాలి" అంది. దిగింది.

పన్నెండో రోజున కాల్గరీలో అద్దెకి తీసుకున్న హాల్లో మనవాళ్లందరూ కూర్చున్నారు. మంచివాళ్లే, ఇంటింటి నుంచీ వండి తెచ్చారు. అందరూ అంకుల్ అని పిలిచే ఒక పెద్దాయన లేచి, ఈ కాలం పిల్లలు చెవిలో ఫోన్ పెట్టుకుని లోకం మరిచిపోతారు, ఇకనైనా జాగ్రత్తగా ఉండండి అని కుర్రవాళ్లకి చెప్పాడు. కొందరు తలలూపారు. మా ఆయన ఊరుకోమని నా చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని లేచాను.

"ఫోన్‌లో ఉన్నది నేనేనండీ. ఉండమన్నదీ నేనే. అది లోకం మరిచిపోలేదు. అడుగు ఎక్కడ వేస్తోందో నాకు చెప్పి మరీ వేసింది. నడిచే దారి లేకపోతే పిల్లని తప్పు పడతారేంటండీ?"

పెద్దాయన కూర్చున్నాడు. ఫోన్ విషయంలో నన్ను నేను రోజూ తిట్టుకుంటాను, అది నా బాధ. పిల్లని మాత్రం ఎవరినీ ఒక్క మాట అననివ్వను.

కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది, మా అమ్మాయి జ్ఞాపకంగా దాని పేరున బెంచీ వేయిస్తారట. బెంచీ వద్దు, ఆ రోడ్డుకి కాలిబాట వెయ్యండి అని దాని స్నేహితురాలి చేత రాయించాను. జవాబు లేదు.

మంచు కరిగాక దాని సామాను తెచ్చుకోవడానికి వెళ్లాం. ఆ రోడ్డు మీద టాక్సీ ఆపించి దిగాను. కాస్త దూరంలో ఎవరో ఆడపిల్ల నడిచి వెళ్తోంది, వీపున బ్యాగు, ఒంటిమీద పని బట్టలు. లారీ వచ్చినప్పుడల్లా పక్కనున్న బురద గడ్డిలోకి దిగి నిలబడుతోంది. లారీ వెళ్లాక బూట్లు దులుపుకుని మళ్లీ రోడ్డెక్కుతోంది.