మిరప ఘాటన్న పెద్దాయన

ఆ చలికాలం నేను విసనకర్ర లేకుండా బస్సెక్కేదాన్ని కాదు. నెలసరి ఆగిపోయిన కొత్తలు. ఒంట్లో వేడి ఆవిర్లు ఎప్పుడొస్తాయో తెలిసేది కాదు. జగ్గయ్యపేటలో ఎక్కి, జనం వింతగా చూస్తున్నా విసురుకుంటూ కూర్చున్నా.

పక్క వరసలో ఉన్న పెద్దాయనకి ఉన్నట్టుండి ముఖమంతా చెమట పట్టింది. కళ్ళల్లో నీళ్ళు కూడా.

"ఏంటి బాబాయ్, ఇంత చలిలో?" అన్నాడు కండక్టర్.

"కల్లంలో మిరపకాయలు తిరగేసొచ్చా. ఘాటు."

మా వైపు ఆ మాట ఎవరైనా నమ్ముతారు. కానీ ఘాటుకి దగ్గో తుమ్మో రావాలిగా! ఆయన మెడ మీంచి పైకి పాకుతున్న ఎరుపు నాకు బాగా తెలుసు. విసనకర్ర అందించా.

కాస్త తగ్గాక, నావైపు చూడకుండానే మెల్లగా చెప్పాడు. "ప్రోస్టేట్ క్యాన్సరమ్మా. మగ హార్మోను తగ్గించే ఇంజెక్షన్లు వేస్తున్నారు. ప్రాణం నిలబడింది. కానీ ఈ ఆవిర్లు, ఊరికే ఏడుపు రావడం... మగాణ్ణయ్యుండి ఎవరితో చెప్పుకోను?"

"ఇంట్లో ఆవిడకి చెప్పండి. ఇవన్నీ దాటొచ్చిన మనిషేగా," అన్నా.

"దానికీ మిరప ఘాటనే చెప్పా. నమ్మినట్టే ఉంది. ఈమధ్య ఎందుకో టేబుల్ ఫ్యాన్ నా మంచం వైపు తిప్పి, తను దుప్పటి కప్పుకుని..."

అంటూనే ఆగిపోయాడు. నందిగామ రాగానే విసనకర్ర నా చేతికిచ్చి, తలూపి దిగిపోయాడు.

నా ఆవిర్లు ఏనాడో తగ్గిపోయాయి. చలికాలం బస్సెక్కితే మాత్రం ఇప్పటికీ సంచిలో విసనకర్ర ఉంటుంది.